పిల్లల మీదున్న చేప

మా మనవడు వేసవి సెలవులకి వచ్చి నా సెల్‌ఫోనులో చేపలు పడుతున్నాడు. ఆ ఆటలో వాడొక వీరుడు. నడుముకి కత్తి, వీపున డాలు, ఒంటి నిండా ఇనుప చొక్కా. ఇన్ని తగిలించుకుని చెరువు గట్టున కూర్చుని గాలం వేస్తాడు. ఆ లోకంలో ఒక వైద్యుడున్నాడట. ఫలానా చేప తెచ్చిస్తే గాని మందు నూరడు. ఆ మందు తాగితే గాని వీరుడు తరవాతి కొండ ఎక్కలేడు.

"తాతయ్యా, దీనికి ఏ ఎర పెట్టాలి?" అని ఫోను నా ముక్కు కింద పెట్టాడు.

తెర మీద ఎరల సంచీ తెరిచి ఉంది. వానపాము, పిండిముద్ద, మిడత, మెరిసే పురుగు, చివర్న బంగారు ఎర.

"ఈ ఆటలో కొర్రమీనుందా?"

"అంటే ఏంటి?"

"అయితే నాకు తెలీదురా" అన్నాను. వాడు నన్ను జాలిగా చూసి బంగారు ఎర పెట్టాడు. చేప పడింది. దానికి బంగారం ఇష్టమో కాదో ఎవరూ అడగలేదు.

నాకు మాత్రం ఆ పూట మరో పని తోచలేదు. ఎరల సంగతి నాకు కొంత తెలుసు. ఒక వానాకాలం మొత్తం ఆ విద్య మీద పెట్టినవాణ్ణి. బడిలో ఏ పాఠం మీదా అంత శ్రద్ధ పెట్టలేదు. నా మార్కులు చూసినవాళ్ళు ఈ మాట ఒప్పుకుంటారు.

మాది పత్తి, మిరప తప్ప ఇంకో మాట వినపడని ఊరు. నల్లరేగడి నేల. వాన పడ్డాక పొలంలోకి వెళితే కాలు ఇంటికొచ్చేది, చెప్పు పొలంలో ఉండిపోయేది. ఊరికి రెండు వాసనలు. ఎండాకాలం కల్లాల్లో ఎండుమిరప ఘాటు, వానాకాలం పత్తికి కొట్టే మందు వాసన. మొదటిదానికి తుమ్ములు, రెండోదానికి తలనొప్పి. వచ్చే చుట్టాలు వాళ్ళ వాళ్ళ తాహతును బట్టి కాలం ఎంచుకునేవాళ్ళు. మా నాన్న ఎలిమెంటరీ స్కూలు టీచరు. మా పేట చివర చర్చి, చర్చి వెనక పత్తి చేలు, చేల అవతల వాగు. నా ప్రపంచపటం ఇంతే.

ఆ వానాకాలం మా అక్క తొలి కాన్పుకి వచ్చింది. బావ చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లులో ఫిట్టరు. ఆయనకి సెలవు దొరకలేదు. ఆడపిల్ల పుట్టింది. పిల్ల బాగానే ఉంది, గొంతు ఇంకా బాగుంది. కాని అక్కకి పాలు పడలేదు. పిల్ల పావుగంట తాగి ముప్పావుగంట ఏడ్చేది. డబ్బాపాలు పట్టిస్తే తాగినంతా కక్కేది. పదో రోజుకి పిల్ల గొంతు కూడా తగ్గింది. ఏడుపు చిన్నదైతే ఇంట్లోవాళ్ళు ఎందుకు ఎక్కువ భయపడుతున్నారో నాకు మొదట అర్థం కాలేదు.

ఇలాంటి విషయాల్లో మా ఇంట్లో ఆఖరి మాట మామ్మది. అంటే మా నాన్న తల్లిది. వెల్లుల్లి కారం అయింది, మెంతులు అయ్యాయి, బాలింత కాయం అయింది. ఆ కాయం వాసన ఇప్పటికీ గుర్తుంది. నెయ్యీ బెల్లమూ శొంఠీ కలిసి గది గుమ్మంలోనే మనిషిని ఆపేసేవి. ఇక మిగిలింది ఎండు సొరచేప. దాన్ని వాడరేవు నుంచి గంపలో పెట్టుకుని ఒకావిడ తెచ్చేది. వానలకి రోడ్డు తెగి బస్సు రావడం లేదు, బస్సు లేక ఆవిడా రావడం లేదు.

"సొర లేకపోతే కొర్రమీను కావాల" అంది మామ్మ. "అదీ పానంతో ఉన్నది. చింతపండు తగలకుండా మిరియాలూ వెల్లుల్లీ నూరి పెడతా. మూడో పూటకి పాలు దిగకపోతే నన్నడగండి."

అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ సాయంత్రం నేను పురిటిగది గుమ్మం బయట జామకాయ తింటున్నాను. లోపల అక్క పిల్లని ఒళ్ళో వేసుకుని మా అమ్మతో అంటోంది: "దీనికి పెట్టటానికి నా దగ్గర ఏమీ లేదే అమ్మా." ఏడవకుండా అంది. బీరువాలో చీర లేదన్నట్టు మామూలుగా అంది. నేను జామకాయ సగంలో పారేశాను. నా చరిత్రలో అది పెద్ద విషయం.

మర్నాడు పొద్దున్నే గంట తాత దగ్గరికి వెళ్ళాను. ఆయన చర్చి గంట కొట్టేవాడు. వరసకి మాకేమీ కాడు గాని, పేటలో పిల్లలందరికీ తాతే. వారానికి రెండు రోజులు గంట కొట్టడం, మిగతా రోజులు వాగొడ్డున గాలం వెయ్యడం ఆయన వృత్తులు. "బైబిలు వాక్యంలో చేపలు పట్టేవాళ్ళ గురించి బోలెడుంది. ఎర సంగతి ఒక్క ముక్క లేదు. అది మనకే వదిలేశాడు దేవుడు" అనేవాడు.

"ఏ చేప గావాలిరా నీకు?" అన్నాడు, వెదురుబద్దకి దారం కడుతూ.

"కొర్రమీను."

"బాగానే ఉంది. ఎలక్షన్లో నిలబడ్డవాడు ఒకేసారి మంత్రి అవుతానన్నట్టుంది. ముందు జెల్ల పట్టు. ఇదిగో, చేపని బట్టి ఎర. జెల్లకి ఎర్ర. పరిగెకి పిండి. బొచ్చెకి తవుడూ చెక్కా. మనుసులూ అంతే. మీ నాన్నకి కాఫీ, పాస్టరు గారికి పొగడ్త."

"మా మామ్మకి?"

ఆయన దారం ముడి బిగించి, "మీ మామ్మ ఎర ముట్టుకునే చేప కాదులే" అన్నాడు.

వానపాముని మేం ఎర్ర అనేవాళ్ళం. స్నానాల దొడ్డి వెనక అరటిచెట్టు మొదట్లో తవ్వితే కొబ్బరిచిప్పెడు దొరికాయి. వాటితో రెండు జెల్లలు పడ్డాయి. ఒకటి ముల్లుతో నా బొటనవేలు పొడిచింది. వేలు గుడ్డలో చుట్టుకుని, చేపలు పుల్లకి గుచ్చుకుని, యుద్ధం గెలిచినట్టు ఇంటికొచ్చాను.

మామ్మ చూసి, "జెల్లా! బాలింతకి జెల్ల పెడితే వాతం చేసిద్దిరా. పాలు గావాలన్నాగాని నొప్పులు గావాలన్లా" అంది. జెల్లలు మా నాన్న తిన్నాడు. ఆయనకి ఏ వాతమూ చెయ్యలేదు.

రెండో రోజు పిండి. మా ఇంట్లో గోధుమపిండి పండక్కి పూరీలు చెయ్యటానికి దాచేవాళ్ళు. గుప్పెడు తీశాను. వాసనకి ఇంగువ కలిపితే చేప దారి మళ్ళించుకుని మరీ వస్తుందని తాత అన్నాడు, డబ్బాలో ఉన్నదంతా కలిపాను. పరిగెలు ఇరవై దాకా పడ్డాయి. "ఇందులో ముళ్ళు ఏరేసరికి పిల్ల బళ్ళో చేరిద్ది" అంది మామ్మ. ఇంగువ డబ్బా ఖాళీ అయిన నేరం రెండు రోజులపాటు పిల్లి మీద ఉంది. పిల్లి ఇంగువ తింటుందా అని ఎవరూ అడగలేదు. ఇంట్లో అందరి ధ్యాసా పురిటిగది మీదే.

మూడో రోజు నా సొంత తెలివి ఉపయోగించాను. పత్తి చేలో పచ్చపురుగు పడి ఉంది. ఆ ఏడు రైతులకి నిద్ర లేదు. ఒక మందు కొడితే చావలేదని రెండు మందులు కలిపి కొట్టేవాళ్ళు, అప్పుడూ చావకపోతే పక్క ఊళ్ళో ఏం కొడుతున్నారో కనుక్కునేవాళ్ళు. పురుగు మాత్రం వేలెడు లావున నిగనిగలాడుతూ ఉండేది. ఇంత బలమైన పురుగుని చూస్తే ఏ కొర్రమీను ఆగుతుంది అనుకుని, అగ్గిపెట్టె నిండా ఏరుకుపోయాను. పొద్దెక్కేదాకా గాలం వేశాను. కొర్రమీను కాదు గదా, పరిగె కూడా దగ్గరకి రాలేదు. మామూలుగా ఎర చుట్టూ మూగే చిల్లర చేపలు కూడా దూరంగా జరిగాయి.

గంట తాత వచ్చి అగ్గిపెట్టె తెరిచి వాసన చూశాడు. వెంటనే దాన్ని గట్టు అవతలికి విసిరేసి, నా రెండు చేతులూ పట్టుకుని మట్టితో తోమాడు. చర్మం ఊడుతుందేమో అన్నట్టు తోమాడు.

"అన్నం తిన్నావా ఈ చేతుల్తో?"

"లేదు తాతా."

"ఒరేయ్, డబ్బాలకి డబ్బాలు మందు కొడితే చావని పురుగది. అంత మందు కడుపులో పెట్టుకుంది. చేపకున్నంత బుద్ధి నీకు లేకపాయెనేందిరా." మళ్ళీ తోమాడు. ఆయన కోప్పడటం నేను చూడటం అదే మొదలు. అది కోపం కాదని తెలియటానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

నాలుగో రోజు ఆయనే కప్పపిల్లని తెచ్చాడు. "కొర్రమీనుకిదీ ఎర. వీపు కింద గుచ్చు, ఈదాల" అన్నాడు. తుంగ పక్కన వేశాం. పడింది. ఒక్క లాగు లాగింది. బస్తాలు కుట్టే దారం అది, తెగిపోయింది. గాలమూ కప్పా రెండూ పోయాయి. నేను గట్టు మీద కూర్చుని ఏడిచాను. చేప కోసమని తాత అనుకున్నాడో లేదో గాని, "మీ అక్కకి ఇంకా పాలు పడలేదా?" అన్నాడు. అడ్డంగా తల ఊపాను.

అప్పుడు కనపడింది. తుంగకి అవతల, అర మూరెడు లోతు నీళ్ళలో ఎవరో గుప్పెడు కొత్త కారం చల్లినట్టు ఎర్రగా ఉంది. ఆ ఎరుపు కదులుతోంది. ముద్దగా దగ్గరికొస్తోంది, విడిపోతోంది, పైకొచ్చి గాలి పీలుస్తోంది. దాని కిందుగా నల్లటి నీడ ఒకటి, నా మోచేతంత, కదలకుండా ఉంది.

"తాతా! అదుగో కొర్రమీను!"

నేను కర్ర ఎత్తేలోపు ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"దానికి వెయ్యమాక. ఆ ఎరుపంతా దాని పిల్లలు. పిల్లల మీదుంది."

"ఇంత దగ్గరగా ఉంది గదా తాతా!"

"ఉంటుంది. యాడికీ పోదు. ఇప్పుడు దానికి ఆకలుండదు. పిల్లల దగ్గరికి ఏదొచ్చినా మీదపడి కరుస్తుంది. కప్ప అక్కర్లా, పుల్ల పెట్టినా కరుస్తుంది. ఆకలితో వచ్చినదాన్ని పట్టాలిరా. కోపంతో వచ్చినదాన్ని పడితే అది చేపలు పట్టటం కాదు." ఆయన కర్ర నా చేతిలోంచి తీసుకుని దారం చుట్టాడు. "పిల్లలు నల్లబడి వాటి దారిన అవి పోయేదాకా దాని జోలికి ఎవరూ పోరు. మా నాయన పోలా, నేను పోలా. ఇంకోటి దొరుకుతుందిలే. సోమారం చూద్దాం."

అది శుక్రవారం. శనివారం రాత్రి పిల్ల ఏడవలేదు. నోరు తెరిచింది గాని చప్పుడు రాలేదు.

ఆదివారం నాకు కడుపునొప్పి వచ్చింది. అందరూ చర్చికి వెళ్ళారు, మామ్మా అక్కా పిల్లా తప్ప. నేను దొడ్డిదారిన బయటపడి వాగుకి వెళ్ళాను. గంట తాత వాగొడ్డున ఉండే వీల్లేని సమయం ఏదో నాకు బాగా తెలుసు. రెండో గంట మోగింది. తాడు మీద ఆయన చేతులు నాకు అక్కడి నుంచే కనపడ్డట్టయింది.

కప్పని వెతికే ఓపిక లేదు. నిక్కరు జేబు అంచు చింపి ఆ పేలిక గాలానికి చుట్టాను. ఈసారి దారం రెండు పేటలు వేశాను. ఎర్రటి ముద్ద అక్కడే ఉంది. దాని మధ్యలోకి పేలికని దించాను.

ఎంతసేపూ పట్టలేదు. నీళ్ళు పగిలినట్టయింది. నేను లాగాను. అంతే. నాలుగు రోజుల చదువు అవసరం లేకుండా పడింది. గట్టు మీద అది ఎగిరెగిరి పడుతుంటే, దాని నోట్లో నా నిక్కరు గుడ్డ కనపడుతోంది.

నీళ్ళలోకి చూడకూడదనుకున్నాను, చూశాను. ఎర్రటి ముద్ద చెదిరిపోయి, మళ్ళీ ఒకచోటికి చేరి, అదే చోట తిరుగుతోంది. జత చేప ఉందేమోనని వెతికాను. కనపడలేదు.

మామ్మ చేపని చూసి మొదటిసారి నన్ను "నా బంగారమే" అంది. కడుపునొప్పి సంగతి ఎవరూ ఎత్తలేదు. చేపని బూడిదతో రుద్ది, రాతి మీద తోమి, కట్టెల పొయ్యి మీద మట్టిదాకలో వండింది. వెల్లుల్లి వేగిన వాసన పేట సగం దాకా వెళ్ళింది. అక్క కాన్పయ్యాక మొదటిసారి మారు అన్నం పెట్టించుకుని తింది. మిగిలిన ముక్కల్ని మర్నాడూ తింది. నాకొక ముక్క పెట్టబోతే వద్దన్నాను. కడుపునొప్పి ఇంకా తగ్గలేదన్నాను. అది అబద్ధం అని ఖచ్చితంగా చెప్పలేను.

మంగళవారం పొద్దునకి పాలు పడ్డాయి. పిల్ల తాగి, ఆపి, మళ్ళీ తాగి, నిద్రపోయింది. ఇంట్లో పండగ. మామ్మ అది తన వెల్లుల్లి గొప్పతనమంది. అమ్మ స్త్రీల కూటంలో చేసిన ప్రార్థన అంది. ఊరి ఆరెంపీ డాక్టరు తన టానిక్కు అన్నాడు. నాన్న ఎవరితోనూ విభేదించలేదు. నేనొక్కణ్ణే ఏ వాటా అడగలేదు.

మధ్యాహ్నం అక్క నన్ను గదిలోకి పిలిచింది. పిల్ల ఒళ్ళో ఉంది. మూతి పక్కన పాలచార ఉంది.

"ఏరా, అన్ని రోజులు దొరకంది ఆదివారం ఎట్టా దొరికింది? ఏ ఎర పెట్టావు?"

"కప్ప" అన్నాను.

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

చూశాను. అంతా చెప్పాను. ఎర్రటి ముద్ద, తాత మాట, రెండో గంట, జేబు గుడ్డ. చెబుతుంటే అక్క చెయ్యి పిల్ల తల మీద ఆగిపోయింది.

"తినేశాక చెప్తావేందిరా" అంది చివరికి. మళ్ళీ తనే, "వాటినిప్పుడు ఎవరు చూస్తున్నారు?" అంది.

"తెలీదక్కా."

"ఎన్నున్నాయి?"

"లెక్కపెట్టేటట్టు లేవు."

అక్క తన కంచంలో మిగిలిన అన్నం మెత్తగా పిసికి, ఒక ఆకులో చుట్టి నా చేతిలో పెట్టింది. పురిటిగది దాటి తను రాకూడదు గనక నన్ను పంపుతున్నానన్నట్టుగా, గుమ్మం వైపు చూసి, "తొందరగా పో" అంది.

వాగు దగ్గరికి వెళ్ళేసరికి గట్టు మీద గంట తాత కూర్చుని ఉన్నాడు. పక్కన గాలం కర్ర లేదు. మట్టిగడ్డల కుప్ప ఉంది. నా అడుగుల చప్పుడుకి తల తిప్పలేదు. ఒక తెల్లకొంగ తుంగ వైపు దిగబోతే, గడ్డ తీసి విసిరాడు. కొంగ లేచి కొంత దూరంలో వాలింది. ఆయన ఇంకో గడ్డ చేతిలోకి తీసుకున్నాడు. ఎప్పుడు వచ్చి కూర్చున్నాడో అడగలేదు. పక్కన ఖాళీ అన్నం గిన్నె ఉంది.

నీళ్ళలో ఎరుపు ఉంది. శుక్రవారం చూసినదానిలో సగం కూడా లేదు.

నేను నిలబడి ఉన్నాను. ఆదివారం సంగతి చెప్పకుండా వెళ్ళిపోవచ్చా అని ఒక్క క్షణం అనిపించింది. ఆయనకి చెప్పాల్సింది ఏమీ లేదని అప్పటికే తెలుస్తోంది.

"అక్కకి పాలు పడినయ్యా?" అన్నాడు.

"పడినయ్యి తాతా."

"పిల్ల తాగుతుందా?"

"తాగి నిద్రపోయింది."

ఆయన తల ఊపాడు. తరవాత మట్టిగడ్డల కుప్పలో సగం ఇవతలికి తోసి, "నువ్వా పక్కన కూర్చో. కొంగ అటునుంచి కూడా వస్తుంది" అన్నాడు.

పది పన్నెండు రోజులు కూర్చున్నాం. బడి వదలగానే నా వంతు, మిగతా పొద్దంతా ఆయనది. అక్క రోజూ అన్నం పిసికి పంపేది. అవి అన్నం తినేవో, నీళ్ళలో పురుగుల్నే తినేవో నాకు తెలియదు. అక్కకి మాత్రం తింటున్నాయనే చెప్పేవాణ్ణి. ఈ ఒక్క అబద్ధానికి ఆమె నన్ను తన కళ్ళలోకి చూడమనలేదు. మెల్లగా ఎరుపు తగ్గి గోధుమరంగు వచ్చింది, తరవాత నలుపు. ఒక సాయంత్రం వెళ్ళేసరికి నీళ్ళు ఖాళీగా ఉన్నాయి. తాత కండువా దులుపుకుని లేచాడు. ఆయన ఆ విషయం ఎవరికీ చెప్పలేదు. పోయేదాకా నాకు కూడా గుర్తుచెయ్యలేదు.

ఆ తరవాత కొర్రమీను తినడం మానేశానని రాస్తే బాగుంటుంది. మానలేదు. పెళ్ళిళ్ళలో వడ్డిస్తే రెండోసారి కూడా వేయించుకుంటాను. ఆ వాగులో ఇప్పుడు వానాకాలం కూడా చేప కనపడదు. గట్టు మీద తుమ్మ పెరిగింది. చర్చిలో మైకు వచ్చింది, గంట తాడు ఎవరూ లాగరు. మా అక్కకి ఆ పిల్ల తరవాత ఇద్దరు పుట్టారు, ఇద్దరికీ పాలు బాగానే పడ్డాయి. ఆ వానాకాలం గురించి మేమిద్దరం మళ్ళీ మాట్లాడుకున్నది లేదు.

మరుసటి ఏడు వానలు తగ్గాక ఎవరో వాగులో అదే చోట ఒక కొర్రమీనుని పట్టారు. కప్పతోనే, న్యాయంగానే. జానెడున్నర ఉంటుంది, మేం కాపలా కాసిన పిల్లల వయసుదే. పేటలో పిల్లలంతా చూడటానికి పరిగెత్తారు. నేనూ వెళ్ళాను. గోనెపట్టా మీద పడుకోబెట్టి ఉంది. దాని తల దగ్గర కాసేపు నిలబడ్డాను. చావు జరిగిన ఇంటికి వెళ్ళిన దూరపు చుట్టంలాగ, ఏ వరస చెప్పుకుని ఏడవాలో తెలియక, చేతులు కట్టుకుని ఇంటికి వచ్చేశాను.